పద్నాలుగో ప్రశ్న

పుస్తకం పట్టుకునేది మా ఆయన.
ఆయనకి ఇంగ్లిష్ రాదు.
ప్రతి మాట కిందా మా అమ్మాయి ఒయుందారి
మా లిపిలో పెన్సిల్‌తో రాసిపెట్టింది కాబట్టి
అడగడం వచ్చు,
తప్పో ఒప్పో తేల్చడమే రాదు.
నా మొహం చూసి మార్కులు వేస్తాడు.

"బెరేక్ ద ఆయిస్," అంటాడు గన్జూర్,
తప్పిపోయిన గొర్రెను పిలిచినట్టు.
మంచు పగలగొట్టడం.
ఇందులో నాకు పరీక్షేమిటి?
ఈడర్ నది ఒడ్డున పెరిగినదాన్ని,
తొమ్మిదేళ్లకే గునపం పట్టినదాన్ని.
గడ్డకట్టిన నదిని దిమ్మలుగా కోసి
బండికెత్తుకొస్తే మూడు రోజుల తాగునీళ్లు.
పగలగొట్టేటప్పుడు ఎవరూ మాట్లాడరు,
నోరు తెరిస్తే పళ్లు జివ్వుమంటాయి.
పుస్తకంలో అర్థం వేరు:
కొత్తవాళ్లతో మొదటి మాట కలపడమట.
మాలో ఆ పనికి గునపం అక్కర్లేదు,
ఉప్పు వేసిన టీ చాలు.
సరే, రాసుకున్నాను.

మిగతావి గనిలో.
నా ట్రక్కు చక్రం నాకు రెండింతల ఎత్తు.
షవల్ నాలుగు బకెట్ల మట్టి పోసేదాకా
కేబిన్‌లో కూచుని వల్లె వేస్తాను.
మొదటి బకెట్‌కి పీస్ ఆఫ్ కేక్: చిటికెలో అయ్యే పని.
రెండోదానికి అండర్ ద వెదర్: ఒంట్లో బాగోలేదు.
మూడోది పడేసరికి మొదటిది మరిచిపోతాను.
నాలుగోది పడ్డాక హారన్. కదలాలి.

బకెట్‌ను తన్నడం అనేది ఒకటుంది.
ఆ పేజీ మాత్రం మడిచేశాను.
నిరుడు చలికాలం మూడో నంబరు ట్రక్కు మీద
గని గోడ జారింది.
లోపల ఉర్త్‌నసన్,
పేరుకి అర్థం దీర్ఘాయుష్షు.
మేమెవరం ఆవిడ చనిపోయింది అనం,
ఆకాశానికి పొంగిపోయింది అంటాం.
మా భాషలో పాలు పొంగడానికీ అదే మాట.
మధ్యలో ఈ బకెట్ ఎక్కడిది?
ఎవరు తన్నారు దాన్ని, ఎందుకని?

"అదే వస్తే?" అంటుంది ఒయుందారి.
"వదిలేస్తా. ఒక్క మార్కేగా."

పాసైతే డిస్పాచ్ గదిలో కుర్చీ, కాళ్ల దగ్గర హీటర్,
రేడియోలో ఆస్ట్రేలియా వాళ్లతో మాటలు.
పదకొండేళ్ల కుదుపులు నా నడుములో ఉన్నాయి.
దానికీ ఇంగ్లిష్‌లో ఒక నుడికారం ఉండే ఉంటుంది,
నా పుస్తకంలో లేదు.

పరీక్ష రోజు దలన్‌జద్గద్ బస్సు ఐదున్నరకి.
చీకటి. మైనస్ ఇరవై ఎనిమిది.
ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చాడు గన్జూర్,
ఓ చేతిలో గిన్నె, ఓ చేతిలో గరిటె.
బస్సు కదలగానే వెనక నుంచి
పాలు చిలకరించాడు,
ఒక గరిటె, ఇంకొకటి, ఇంకొకటి,
వెళ్లే మనిషి దారి తెల్లగా ఉండాలని.
నేలను తాకేలోపే గడ్డకట్టాయో ఏమో,
అద్దం నిండా మంచు, కనబడలేదు.

పద్నాలుగో ప్రశ్న.
ఒలికిన పాల కోసం ఏడవడం అనగా:
ఎ. జరిగిపోయినదానికి వృథాగా బాధపడటం
బి. బాగా ఆకలి వేయడం
సి. ఆవును అమ్ముకోవడం
డి. పొదుపుగా ఖర్చు పెట్టడం

జవాబు తెలుసు. ఏ పేజీయో కూడా తెలుసు,
ముప్పై ఒకటి, పైన మూలకి టీ మరక.
అయినా పెన్సిల్ ఆగింది.
నేను చూసిన పాలు ఏవీ పొరపాటున ఒలకలేదు.
ఉర్త్‌నసన్ చివరి డ్యూటీకి బయల్దేరిన పొద్దున
వాళ్లమ్మ ఒలికించిన పాలు
ఎ కిందకి వస్తాయా?
ఐదో జవాబు ఉంటే బాగుండేది.

ఇన్విజిలేటర్ దగ్గాడు.
ఎ మీద గుర్తు పెట్టాను.
ఏడవలేదు, పుస్తకం వద్దందిగా.
ఇరవై రెండోది బకెట్.
ఖాళీగా వదిలేశాను, చెప్పినట్టే.

రాత్రి తలుపు తీస్తూనే గన్జూర్,
"ఎలా ఉంది?"
"పీస్ ఆఫ్ కేక్," అన్నాను.
నా సంచి అందుకుని
లోపలికి తొంగి చూశాడు.