నాలుగో వరుస

బుకోమ్‌లో మగపిల్లలకి
నడక, గుద్దు ఒకేసారి వస్తాయి.
మా అడోటేకి గుద్దే ముందొచ్చింది.
అమ్మ పొయ్యి మీది కెంకీ కుండ దించేలోపు
వీధి చివర ఇద్దరిని కూలబెట్టి వచ్చేవాడు.

అటా ఒక్లూ జిమ్ముకి పైకప్పు లేదు.
తెగిన వల తాళ్ళే స్కిప్పింగు తాళ్ళు,
ఇసుక కూరిన తెరచాప గుడ్డే బస్తా.
వాడు దాన్ని కొడుతుంటే
ఒడ్డున పడవ లాగేవాళ్ళు
ఆ దెబ్బల లెక్కకే తాడు లాగేవాళ్ళు.

పందొమ్మిది గెలుపులు.
గెలిచిన ప్రతిసారీ నాకేదో ఒకటి తెచ్చేవాడు,
రేకు డబ్బా, గొడుగు,
ఒకసారి బతికున్న టర్కీ కోడి.
ఇరవయ్యోది కుమాసీలో.
అదీ గెలిచాడు, ఏమీ తేలేదు.
గుమ్మానికి భుజం కొట్టుకుని లోపలికొచ్చాడు.
మర్నాడు చేప ముల్లు తీసుకుంటూ అన్నాడు:
"అక్కా, ఎడమవైపు ఎవరో తెర దించుతున్నారు."

అప్పుడే హాంబర్గ్ నుంచి కబురు.
పది రౌండ్లు.
మా పడవకి కొత్త ఇంజనొచ్చేంత డబ్బు.
కంటి పరీక్ష పాసైతే చాలు.

క్లినిక్ ఊడ్చే డెడే
రెండు వేయించిన చేపలు తీసుకుని
గోడమీది అక్షరాలు అట్టముక్క మీద దించుకొచ్చింది.
నేను బడికెళ్ళింది మూడేళ్ళు.
ఆ మూడేళ్ళూ ఆ రాత్రికే పనికొచ్చాయి.
ముందు నేను బట్టీపట్టి
దీపం ఆర్పేసి వాడికి పట్టించాను.
ఈ.
ఎఫ్, పీ.
టీ, ఓ, జెడ్.
ఎల్, పీ, ఈ, డీ.
చీకట్లో వాడి గొంతు
చిన్నప్పుడు జ్వరంలో
నా వెనకే ప్రార్థన చెప్పిన గొంతు.

డాక్టరు కుడి కన్ను మూసుకోమన్నాడట.
"గోడే కనబడలేదక్కా.
నీ గొంతు కనబడింది."
నవ్వాడు.
నేనూ నవ్వాను. అది దాచను.

ఆరో రౌండు.
పక్కింటివాళ్ళ ఫోను చుట్టూ పదిహేనుమందిమి.
ఆ జర్మను కుర్రాడిది పెద్ద గుద్దేం కాదు.
సంతలో చుట్టం వెనకనుంచి భుజం తట్టినట్టు
నెమ్మదిగా వచ్చింది.
మేమంతా చూశాం.
వాడొక్కడే చూడలేదు.

ఇంజనొచ్చింది.
పడవ మీద వాడి పేరు ఎర్రరంగుతో రాయించారు.
తడారకముందే వేళ్ళతో తడిమాడు.
ఇప్పటికీ ఆ పేరు చివర అలికినట్టుంటుంది.

ఇప్పుడు వలలు అల్లుతాడు, ముడికి కళ్ళక్కర్లేదు.
పిల్లలు ఎదురుగా నిలబడి గాలిని గుద్దుతుంటే
"మోచెయ్యి దించకు" అంటాడు.
ఎలా తెలుస్తుందో వాడికి.

నిన్న సాయంత్రం
సోవా వాళ్ళ చిన్నవాడొచ్చాడు.
ఒక కన్ను నామీద,
ఇంకోటి పొయ్యి మీద కూడా నిలవడం లేదు.
"నీకు ఆ అక్షరాలొచ్చటగా."

నూనె కాగుతోంది.
రావు అనొచ్చు.
అంటే డెడే దగ్గరికి పోతాడు.
రెండు చేపలకి పని అయిపోతుంది.

పీట వేసి కూర్చోబెట్టాను.
మూడు వరుసలు ఉన్నవున్నట్టు చెప్పాను.
నాలుగో వరుసలో రెండు అక్షరాలు మార్చాను.
తడుముకోకుండా వచ్చేదాకా
పదిసార్లు చెప్పించాను.
చేపకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

గోడవతల
అడోటే చేతిలో వలసూది ఆగింది.
వాడికి ఆ వరుస వచ్చు.

ఏమీ అనలేదు.
కాసేపాగి
తర్వాతి ముడి వేసుకున్నాడు.