గంటన్నర కర్నూలు

టైరు మార్చడానికి గంటన్నరట.
రాజ్‌విహార్ దగ్గర తోపుడుబండి.
"ఒక ప్లేటు మరమరాలు" అన్నాను.
"బొరుగులనల్లబ్బా!"
మాబున్నీ నా తెలుగు దిద్ది
నీళ్ళలో ముంచిన గుప్పెడు పిండి
పోపులో వేసింది, పైన పుట్నాలపొడి.
"ఎక్కువ నానితే ముద్దయిపోతాయి.
ముంచల్ల, తీయల్ల. అంతే ఉగ్గాని."

మిరపకాయ బజ్జి కొరికాను.
కళ్ళల్లోంచి కృష్ణా జిల్లా మొత్తం
కారిపోయింది.
ఆమె నవ్వాపుకోలేక
టీ గ్లాసు నావైపు జరిపింది.

సగం టీలో హారన్.
నా దగ్గర ఐదొందల నోటు,
ఆమె డబ్బాలో చిల్లర లేదు.
"మళ్ళొస్తావు గదా, అప్పుడిస్తువులే పో!"

మళ్ళీ ఇటు పనిలేదని
చెప్పలేదు.

తుంగభద్ర వంతెన మీద
పెదాలింకా మండుతున్నాయి.
ఎన్ని ఊళ్ళు తిరిగానో,
నలభై రూపాయలు బాకీపడ్డది
ఈ ఒక్క ఊరికే.