ఉత్తి చేతులు

ముప్పయ్యేళ్లు ఈ వీధి చెట్లను
పైనుంచే ఎరుగుదును.
తొలకరికి ముందు లైను ఆపించి
నిచ్చెన వేసి, నడుముకి తాడు బిగించి
తీగకి తగిలే కొమ్మల్ని కొట్టేవాణ్ణి.
నిద్రగన్నేర్ల నడినెత్తిన నేను తీసిన పాపిడి
ఇప్పటికీ పూడలేదు.
కింద నిలబడి తలెత్తండి:
ఆకుల సందున తీగలు, తీగల మీద గోరింకలు.

రిటైరయ్యాక ఇక్కడే రెండు గదులు అద్దెకి తీసుకున్నాను,
విజయనగరంలో ఇంతకన్నా చల్లటి చోటు
నాకు తెలిసి లేదు.
ప్రహరీలకన్నా వేళ్లకే పలుకుబడి ఎక్కువిక్కడ.
ఇజ్జిరోతు మాస్టారి గోడని కానుగ వేరు
అరుగు మీద కూచున్న చుట్టంలా
రోజుకింత, రోజుకింత జరుపుతోంది.
ఆయన కొలవడం మానేశారు.
గోడ నీడన పడుకునే కుక్క మాత్రం చోటు మార్చింది.

నేను కొట్టిన కొమ్మల లెక్క
ఏ రిజిస్టర్లోనూ లేదు.
కుడి భుజంలో ఉంది.
ముసురు పట్టిన రాత్రి అది పైకి చదువుతుంది.

హుద్‌హుద్ గాలికి ఈ వీధిలో పదకొండు పడ్డాయి.
రంపం పట్టింది నేనే.
కొమ్మ కొట్టడం వేరు, మాను కోయడం వేరు.
పడిన తురాయిలో కాకిగూడొకటి చిక్కింది,
విప్పి చూస్తే పుల్లలు తక్కువ,
అంతా మా డిపార్టుమెంటు తీగ ముక్కలే.
ఎన్నేళ్లుగా నా సంచిలోంచి ఏరుకున్నాయో!

వీధి చివర కొళాయి. కొళాయి దాటితే మట్టి తోవ.
మున్సిపాలిటీవాళ్లు ఆకుపచ్చ బోర్డు పాతి
'ప్రకృతి బాట' అని రాశారు.
జీడితోట అంచునే ఎక్కి, బలుసు పొదల్లోంచి వంగి,
మెట్ట మీద నాలుగు సిమెంటు బల్లల దాకా.
పొద్దున్నే బూట్లు వేసుకుని మేం ఎక్కుతాం.
అదే వేళకి అవతలి ఊరి ఆడవాళ్లు దిగుతారు
కట్టెమోపులతో, వాక్కాయల బుట్టలతో.
తోవ సన్నం.
మేమే ముళ్లకంపలోకి ఒదుగుతాం.

ఒకనాడు అసిరమ్మ ఆగింది,
నెత్తిన మోపు నెత్తినే ఉంది.
"రోజూ ఎక్కుతన్నారు, రోజూ ఉత్తి సేతుల్తో దిగుతన్నారు.
పైన ఏటి పారేసుకున్నారు బాబూ?"

నేను షుగరన్నాను. మాస్టారు ఆక్సిజనన్నారు.
రెంటికీ ఒకేలా తలూపింది,
మోపు కదలకుండా.

అప్పట్నుంచి
దిగేటప్పుడు నా చేతులు నాకే బరువు.
బల్ల మీద కూచుంటే ఊరు కనిపిస్తుంది.
గంటస్తంభం ఉందనుకోవాలి, కోట ఉందనుకోవాలి.
కనపడేదల్లా మా కాలనీ పచ్చదనం,
దాని నడుమ సన్నటి గీత,
నా పాపిడి.
ఎవరి నెత్తిన ఏం మోశానో
అక్కణ్ణుంచి కూడా తేలలేదు.

నిన్న దిగుతూ ఎండుకొమ్మొకటి ఈడ్చుకొచ్చాను.
ఎందుకంటే చెప్పలేను.
గేటు దగ్గర మా ఆవిడ చూసి
"ఇంకా డ్యూటీలోనే ఉన్నారా?" అంది.
కానుగ మొదట్లో ఆనించి లోపలికి పోయాను.

పొద్దున లేదు.
కాకులు మోసుకుపోయేంత చిన్నది కాదది.
తోవలో అసిరమ్మ ఎదురైంది.
ఈసారి ఏమీ అడగలేదు.