బురద రాయి

మురజుమి కొట్లో రాళ్ళన్నీ
కాగితపు చొక్కాలు తొడుక్కుని
సబ్బుబిళ్ళల్లా బుద్ధిగా కూచుంటాయి.
ఏ కొండా వీటిని కనలేదు.
ఫ్యాక్టరీలో పొడి కలిపి, బంక పోసి, బిగించారు.
పుట్టినూరు లేదు, నంబర్లున్నాయి:
వెయ్యి, మూడు వేలు, ఆరు వేలు.

"గట్టిది తీసుకోండి ఇబుకి గారూ,
పదేళ్ళయినా అరగదు," అంటాడు కుర్రాడు.
పదేళ్ళయినా అరగని దానితో
నాకేం పని?

బొటనవేలి గోరు ఆనిస్తాను. గీత పడాలి.
నీటి చుక్క వేస్తాను.
చుక్క నిలబడి నా మొహం నాకే చూపిస్తే
ఆ రాయి వెనక్కి.
ఇంకుతూ ఇంకుతూ
నిద్రలో పసిపిల్లలా చిన్న బుడగ వదిలితే
అప్పుడు వేలితో రుద్దుతాను.
మడ్డి దిగాలి,
మజ్జిగ తేటలా కాదు,
సాన మీద గంధపు చెక్క
నాలుగు చుట్లు తిరిగాక వచ్చే చిక్కదనం.

కజితాని ఉన్నన్నాళ్ళూ
ఇలాంటి రాయిని గడప తొక్కనివ్వలేదు.
"బురద అబద్ధమాడుతుంది," అనేవాడు.
గట్టిరాయి మీద కత్తి పెట్టి చూడు,
మిట్ట మెరుస్తుంది, పల్లం నల్లగా మిగులుతుంది,
తప్పెక్కడో వేలెత్తి చూపిస్తుంది.
మెత్తరాయి తానే పల్లంలోకి దిగి
అంతా ఒకటే పొగమంచు చేసేస్తుంది.
ఆయన దగ్గర పదహారేళ్ళు
పల్లాలను చంపడమే నేర్చుకున్నాను.

నిన్న వానలో
న్యూస్ పేపర్లో చుట్టుకుని
యసుయె తెచ్చింది ఆ కత్తి.
హామో చేపలు కోసేది.
ఈ ముసురు నెలలోనే ఆ చేపకి రుచి,
ఒళ్ళంతా ముళ్ళు.
తోలు తెగకూడదు, ముల్లు మిగలకూడదు,
రెండు వేళ్ళ వెడల్పులో ఇరవై నాలుగు గాట్లు.
జర్క్, జర్క్, జర్క్.
ఆ చప్పుడు విని వీధి గడియారం సరిచేసుకునేది
తొమెకిచి ఉన్నప్పుడు.

కత్తి తిప్పి చూశాను.
మడమ దగ్గర ఒక పల్లం, నడుమ ఇంకోటి.
కుడిచేతి కత్తిని
ముప్ఫై ఏళ్ళు ఒక ఎడమచేతి మనిషి
తనే నూరుకున్న గుర్తులు.

"పనికి కొత్తమ్మాయి వచ్చింది," అంది.
"దానికివ్వాలి. సాపు చేస్తే ఎంత పోతుంది?"
నా చిటికెనవేలు కత్తికి అడ్డంగా పెట్టి చూపించాను.
కత్తిని చూడలేదామె, వేలినే చూసింది.
"అంతా?"

అందుకే పొద్దున్నే మురజుమి కొట్టు.
అందుకే నాలుగో వరసలో
ఎవరూ ముట్టుకోక అట్ట పసుపెక్కిన
ఈ బూడిదరంగు రాయి.
ఎవరేమనుకున్నా సరే,
కజితాని పీట మీదే పెట్టాను.

మెత్తనిదాన్ని చూస్తే మొత్తబుద్ధి, కత్తికైనా.
కొంచెం నిక్కించానా
వాదర రాయిలో దిగబడి పెచ్చు లేస్తుంది.
ఊపిరి తగ్గించి,
బరువంతా వేళ్ళలోనే ఆపి,
ముందుకి. వెనక్కి.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు.
నేను కడగను. బురదను బురదగానే ఉండనిస్తాను,
అది నలిగి, నల్లబడి, ఇంకా సన్నబడి
తొమెకిచి తప్పుల్లోకి
తడుముకుంటూ వెళ్తుంది.
వాటిని చెరపదు,
వాటికీ మెరుగు పెట్టి వస్తుంది.

సాయంత్రం నీళ్ళు పోశాను.
అంచున వెంట్రుకంత ఉక్కు తెల్లగా.
దాని పైన మెత్తని ఇనుమంతా
తెల్లవారని రేవు.
కంటికి పల్లం లేదు.
కళ్ళు మూసుకుని బొటనవేలు నడిపితే
ఇదిగో ఇక్కడ. ఇదిగో, ఇక్కడ.

కజితాని అన్నది నిజమే.
అబద్ధమే ఆడించాను.

బకెట్ అడుగున ఒండ్రు పేరుకుంటోంది.
ఒక్క కత్తికే రాయి నడుమ
గోరంత పల్లం పడింది.
దాన్ని మాత్రం
ఈ రాత్రికే సాపు చేసేస్తాను.