మూడింట రెండు

నాలుగో నంబరు కిటికీ ముందు
టోకెను పట్టుకుని ఆమె కూర్చోగానే
నా కాళ్ళు వాటంతటవే కుర్చీ కిందికి ముడుచుకున్నాయి.
ఓడీల్ ప్రెజాన్ టీచరు.

నాలుగో తరగతిలో నాకు భిన్నాలు చెప్పింది.
పెకాన్ పై ఒకటి తెచ్చి, కత్తి నా చేతికిచ్చి
"మూడు సమభాగాలు చెయ్యి. రెండు తీసెయ్యి.
ఏం మిగిలింది?"
ఆ మిగిలింది నోట్లో వేసుకుని
"ఏమీ లేదు టీచర్" అన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళకి
అదే ప్రశ్న నా కంప్యూటరు అడుగుతోంది.

భర్త అల్సీడ్, హూమా రేవులో పడవ ఇంజన్ల మెకానిక్.
నలభై ఒక్క ఏళ్ళు ప్రతి జీతంలోనూ సోషల్ సెక్యూరిటీ కోత.
గోళ్ళ సందుల్లో గ్రీజుతోనే శవపేటికలోకి వెళ్ళాడట.
"రుద్దాను. పోలేదు" అంది.

ఆయన పేరున భార్యకి రావలసింది
నెలకి పదకొండు వందల నలభై డాలర్లు.
కానీ ఆమెకి రాష్ట్రం ఇచ్చే టీచరు పెన్షన్
పద్ధెనిమిది వందలు.
దానిలో మూడింట రెండు వంతులు
దీనిలోంచి కొట్టెయ్యాలని రూలు.

"పన్నెండు వందలు" అంది, నా వేళ్ళకంటే ముందే.
"మైనస్ అరవై.
అంటే, అల్సీడ్ పోయినందుకు నేనే మీకు బాకీనా?"

"లేదు టీచర్. సున్నా కింద లెక్క."

"మా పక్కింటి మర్లీన్ ఏనాడూ ఉద్యోగం చెయ్యలేదు.
మొగుడిది మొత్తం వస్తుంది. రానీ, పాపం.
నేను ముప్పై రెండేళ్ళు సుద్దపొడి మింగాను."

కాగితం తన వైపు తిప్పుకుంది.
సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి
వరస వరసా వేలు పెట్టి చూసి
అడుగున టిక్కు కొట్టింది.
"లెక్క రైటే, థియో.
లెక్క ఇచ్చినవాడిదే తప్పు."

పన్నెండేళ్ళు పోయాక ఆ రూలు పోయింది.
ఇరవై నాలుగు జనవరి నుంచి లెక్కగట్టి
ఏడాది పైచిలుకు సొమ్ము ఒక్కసారే పంపాం.

ఫోన్ చేసింది. గొంతు సన్నబడింది, పలుకు మాత్రం అదే.
"డబ్బు వచ్చింది. మరి అంతకుముందువి?"
"చట్టంలో లేవు టీచర్."

అటువైపు చాలాసేపు మాట లేదు.
ఏదో గిన్నె కడుగుతున్న చప్పుడు, కుళాయి కట్టేసిన చప్పుడు.

"శనివారం ఇంటికి రా. పెకాన్ పై చేస్తాను.
ఈసారి కత్తి
నేను పట్టుకుంటా."