ఉల్లిపొర

ఓడెన్సెలో మార్చి అంటే ఇంకా చలే.
మా నేలమాళిగలో అంతకన్నా చలి:
సున్నాకి ఇరవై మెట్లు కింద
ఎప్పుడో పుట్టేసిన పిల్లల ఉమ్మనీళ్లు
చిటికెనవేలంత సీసాల్లో పడుకుని ఉంటాయి.
నా పని వాటిని లేపడం.

గ్లవ్ లోంచి కూడా తెలుస్తుంది
గడ్డ కరుగుతున్నప్పటి మొదటి జారుడు.
పిప్పెట్‌తో ఒక బొట్టు తీసి యంత్రానికిస్తే
టెస్టోస్టెరాన్ ఒక అంకె అవుతుంది,
అంకె ఒక చుక్కై తెర మీది మబ్బులో కలుస్తుంది.
మగపిల్లల మబ్బు కాస్త పైన,
ఆడపిల్లలది కాస్త కింద.
మధ్యలో ఎటూ చెందని చుక్కలు బోలెడు.
"వీటి సంగతేంటి?" అంటే డాక్టర్ త్యూసెన్
"తెలీదు" అంటాడు.
అందుకే ఆయన దగ్గర పనిచేస్తున్నాను.

అస్గెర్‌కీ నాకూ మధ్య ఉల్లిపొరంత గోడ ఉండేదట.
అమ్మకి అప్పుడు నలభై; రెండు సూదులు గుచ్చారు.
అటు వాడి నీళ్లు, ఇటు నావి.
వాడివైపుది నావైపుకి ఊరిందా అని
ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అడగాలని ఉంది,
ఎవరిని అడగాలో తెలీక
సీసాలు తుడుస్తున్నాను.

వాడు ఖాళీ హెర్రింగ్ సీసాలు వరసపెట్టేవాడు,
కిటికీ నుంచి గుమ్మం దాకా.
మూతల మీది చేపలన్నీ ఎడమకే చూడాలి.
ఒక్కటి తిరిగినా ఇల్లు లేచిపోయేలా ఏడుపు.
నాలుగో ఏట వాడికి మళ్లీ పేరుపెట్టారు,
రెండో బారసాల,
ఈసారి ఆసుపత్రిలో.

నేనూ లెక్కపెట్టేదాన్ని, పెదవి కదపకుండా.
బళ్లో కిర్స్టినె నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో
రాత్రిళ్లు అద్దం ముందు సాధన చేశాను,
మిగతా పిల్లలు పియానో నేర్చుకున్నట్టు.
ఎదుటివాళ్ల కళ్లల్లోకి మూడు అంకెలసేపు,
ఒక అంకె పక్కకి,
మళ్లీ మూడు.
టీచరు రాసింది: నెమ్మదస్తురాలు.
అమ్మ ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించింది.
ఇంటికొచ్చాక కోట్ల అల్మరాలో
తలుపేసుకు కూర్చున్న గంటలు
ఏ కాగితానికీ ఎక్కలేదు.

నాకు పేరు పెట్టేసరికి ముప్పై నాలుగు.
ప్రశ్నలడిగినామె కాగితం తిరగేసి
"ఇవన్నీ మగపిల్లల్ని చూసి రాసుకున్నవి" అంది,
తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు.

అస్గెర్‌కి ఫోన్ చేశాను.
చాలాసేపు ఊపిరి మాత్రమే. తర్వాత, "తెలుసు."
ఎప్పట్నుంచి?
"సీసాలు తుడిచి మళ్లీ అదే చోట పెట్టింది
ఇంట్లో నువ్వొక్కదానివే."

ఇవాళ పెట్టెలో మా ఏడాది వచ్చింది.
పేర్లుండవు. పక్కపక్క నంబర్లు రెండు,
ఒకటి మగ, ఒకటి ఆడ.
మావి కావచ్చు.
ఆ ఏడాది ఫ్యూన్ దీవి మొత్తంలో
మేమే కవలలమా ఏంటి.

కరిగించాను. ఒక బొట్టు, ఒక బొట్టు.
యంత్రం లోపల గొణుక్కుంటున్నంతసేపూ
రెండు సీసాల మీది చీటీలూ
ఎడమకి చూసేలా తిప్పి పెట్టాను.