బాణం గుర్తు

టార్చి పట్టుకోవడం నా పని.
ముప్ఫయ్యారేళ్ళుగా ఈ ఇంట్లో ఏది చెడినా
వెర్లిన్ నేలమీద వెల్లకిలా పడుకుంటాడు,
నేను వెలుతురు చూపిస్తాను.

మాది అయోవాలో ఈశాన్య మూల.
ఇంటి కిందంతా సున్నపురాయి.
బావి నీళ్ళు దాన్ని నాకి నాకి పైకొస్తాయి.
అత్తగారి కెటిల్ లోపల వేలుమందాన తెల్లటి పెచ్చు,
నేను ఈ ఇంటికి రాకముందు కాగిన టీలు కూడా
అందులో ఎక్కడో ఉన్నాయి.

అందుకని వాటర్ సాఫ్ట్‌నర్ కొన్నాం.
నిలువెత్తు డబ్బా, పక్కన ఉప్పుతొట్టి,
నలభై పౌన్ల బస్తాలు నాలుగు.
"ప్లంబర్‌కి దండగ" అని
శనివారమంతా బేస్‌మెంట్‌లో పైపులు కోశాడు, అతికాడు.
ఒక్క చుక్క కారలేదు.
కారని ఆ చుక్క గురించి
రాత్రి భోజనంలో మూడుసార్లు చెప్పాడు.

ఆదివారం సబ్బు నురగ రాలేదు.
సోమవారం మధ్యాహ్నం కాఫీ ఉప్పన.
తెల్లవారుజాము రెండింటికి తనను తాను కడుక్కోవలసిన యంత్రం
పట్టపగలు రెండింటికి కడుక్కుంటోంది.
గడియారంలో పగలూ రాత్రీ తారుమారు.
తెరమీద ఆవగింజంత చుక్క, నేనే చూసి చెప్పాను.
మంగళవారం కాఫీ బాగుంది.
నురగ మాత్రం లేదు.

ఉప్పు గడ్డకట్టి పైన వంతెన పోసిందేమోనని
చీపురుకర్ర దింపి పొడిచాడు.
కొత్త ఉప్పు, గలగలమంది.
"పుస్తకం నువ్వు చదువు, నా చేతులు తడి."
తువ్వాలు భుజమ్మీదే ఉంది.

పరీక్ష సీసాలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేశాడు,
ఎరుపు నీలమయ్యేదాకా లెక్క.
"ఏ రంగు?"
ఎరుపు.
"ఇప్పుడు?"
ఎరుపే.
ఇరవై ఆరో చుక్కకి నీలం.
బావిలో ఎంతో కుళాయిలోనూ అంతే.
నన్ను అడగడం మర్యాదనుకున్నాను,
పనిలో కలుపుకుంటున్నాడనుకుని
కాస్త మురిసిపోయాను కూడా.

బుధవారం కుళాయి జల్లెడలో
తేనెరంగు పూసలు, గసగసాలంత.
ట్యాంకులో కూర్చుని సున్నాన్ని పట్టుకోవలసినవి
ఇల్లంతా తిరుగుతున్నాయి.
వేళ్ళమధ్య నలిపి "ఇసక" అన్నాడు.
ఇసక కాదు వెర్లిన్. గుండ్రంగా ఉన్నాయి. మెరుస్తున్నాయి.

మళ్ళీ బేస్‌మెంట్, మళ్ళీ టార్చి.
"ఆర్డిస్, ఇంకొంచెం దగ్గర."
పెట్టాను.
"బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి."
మొన్న ఆదివారమే మార్చాను.
సాలెగూటిలో ఒక్కో పోగూ లెక్కపెట్టగలిగేంత వెలుతురు.

వాల్వు మెడమీద, గోడవైపు,
నల్ల ప్లాస్టిక్‌లోనే పోతపోసిన నల్ల బాణం.
నీళ్ళు రావలసిన దారిన పోతున్నాయి,
పోవలసిన దారిన వస్తున్నాయి.
నాకు నిలుచున్నచోటికే కనిపించింది.
అతని ముఖం దానికి జానెడు దూరంలో ఉంది.

"బాణం ఎటుంది?" అని అడిగాను.
వెర్లిన్ నీళ్ళు నమిలాడు.
ఆ కఠినమైన నీళ్ళే.

ఏమీ అనలేదు నేను.
అతని బొటనవేలు పట్టుకుని
ఆ ఉబ్బెత్తు గీతమీద పెట్టి
తోకనుంచి మొనదాకా జరిపాను.
మరో రెండుసార్లు తనే జరుపుకున్నాడు.
"ఎప్పట్నించి?"
"పోయినేడు మొక్కజొన్న కోతలప్పట్నించి."
మోకాలు నొప్పని
ట్రక్కు నాచేత నడిపించడం మొదలైందీ అప్పుడే.

పైపులు మళ్ళీ కోశాం.
ఈసారి కొలత నేను చదివాను,
అతను గోటితో గాటు పెట్టుకుని తడుముతూ కోశాడు.
టార్చి మెట్టుమీద పెట్టేశాను,
అది ఊరికే గోడను చూస్తూ కూర్చుంది.
ఒక అతుకు కారింది. గిన్నె పెట్టాం.

మొదటి చుక్కకే రంగు మారింది.
"ఏ రంగు?"
చెప్పాను.

పూసలు ఇంకో వారం వస్తాయట.
కంటి డాక్టరు గురువారం పదింటికి.
రాత్రి స్నానం చేస్తూ గట్టిగా పిలిచాడు,
ఒళ్ళు జారుతోంది, సబ్బు పోవడం లేదని.
తలుపు తీసి చూశాను.
ఎప్పుడో పోయిందన్నాను.
అయినా చాలాసేపు
నీళ్ళకింద అలాగే నిలబడ్డాడు.